ఖాళీ గడి: టేబుల్‌లో సున్నా మేలా, ఫార్ములాలో ఎన్‌జెడ్ మేలా?

మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ప్రోగ్రామ్ యాక్సెస్‌లో ఫారాలు చేసుకునేవాళ్లు నన్ను తిప్పి తిప్పి అడిగేది ఒకటే. ఒక్క గడి ఖాళీగా ఉంటే టోటల్ మొత్తం మాయమవుతోంది, టేబుల్‌లోనే డీఫాల్ట్ విలువ సున్నా పెట్టేయాలా, ఫార్ములాలో ఎన్‌జెడ్ (Nz, ఖాళీ గడికి బదులు మనం చెప్పిన విలువను తీసుకునే ఫంక్షన్) వాడాలా అని. ఈ మధ్య ఒక పాల కేంద్రానికి ఫారం చేస్తూ నేనూ ఈ రెండిటి మధ్యే నలిగాను.

సున్నా పెట్టడం సుఖమే. ఒక్కచోట మారిస్తే ఫారం, క్వెరీ (టేబుల్ నుంచి డేటాను తీసే ప్రశ్న), రిపోర్టు అన్నీ దారికొస్తాయి. కాకపోతే అది కొత్తగా ఎక్కించే రికార్డులకే. పాతవాటికి విడిగా అప్‌డేట్ క్వెరీ నడపాలి. ఎంట్రీ చేసే అబ్బాయి ఆ సున్నాను చెరిపేస్తే కథ మళ్లీ మొదటికి.

అయినా సర్దుకునేవాణ్నే. అడ్డొచ్చింది వెన్న శాతం. ఒక రైతు నాలుగు పూటల పాలు పోశాడు. 6.5, 7, 6.9 వచ్చాయి, ఒక పూట మిషన్ పనిచేయక గడి ఖాళీ. ఖాళీని యావరేజ్ ఫంక్షన్ లెక్కలోకే తీసుకోదు కాబట్టి సగటు 6.8. అదే గడిలో సున్నా కూర్చుంటే నాలుగుతో భాగించి 5.1 చూపిస్తుంది. రేటు కట్టేది వెన్న మీదే. మిషన్ చెడిపోతే పాపం గేదె ఏం చేసింది? అదే ఫారంలో సాయంత్రం లీటర్ల గడి ఖాళీగా ఉందంటే ఆ పూట పాలు పోయలేదని, అది నిజంగానే సున్నా. ఒకటి లేదు, ఇంకొకటి తెలియదు. టేబుల్‌లో రెండిటికీ సున్నా కొట్టేశాక ఏది ఏదో ఎవరూ చెప్పలేరు.

అందుకే నేను టేబుల్‌ను ఖాళీగానే వదిలి, లీటర్లు కూడే చోట మాత్రం ఎన్‌జెడ్(ఉదయం, 0) + ఎన్‌జెడ్(సాయంత్రం, 0) అని రాశాను.

దీన్ని ఎక్కడ పెడుతున్నామన్నది ముఖ్యం. ఫారం అడుగున ఉండే ఫుటర్‌లో సమ్(ఉదయం + సాయంత్రం) అని రాసి, బయట ఎన్‌జెడ్ చుడతారు చాలామంది. ముగ్గురు రైతులు 4.5 + 3, 6 + ఖాళీ, 5 + 4.5 పోశారనుకోండి. రావాల్సింది 23 లీటర్లు. వచ్చేది 17. రెండో రైతు వరుసలో కూడికే నల్ (విలువే లేనిది) అయిపోతుంది, సమ్ ఆ వరుసను వదిలేస్తుంది, అతని ఉదయం 6 లీటర్లూ గల్లంతు. గడి ఖాళీగా కనిపిస్తే అనుమానమైనా వచ్చేది. ఇక్కడ 17 అని దర్జాగా అంకె కనిపిస్తుంది, ఎవరూ పట్టుకోరు. సమ్ లోపల ఒక్కో ఫీల్డుకూ విడివిడిగా ఎన్‌జెడ్ తగిలించాల్సిందే.

ఐఐఎఫ్ (షరతు చూసి విలువ ఇచ్చేది), ఈజ్‌నల్ (గడి ఖాళీనా అని చూసేది) కలిపి రాసినా ఇదే ఫలితం, రాత ఎక్కువ. ఎన్‌జెడ్ యాక్సెస్ సొంత ఫంక్షన్ కాబట్టి, ఆ క్వెరీని ఎక్సెల్ నుంచి లాగాలంటే మాత్రం ఐఐఎఫ్‌కే వెళ్లాలి. సబ్‌ఫారంలో, అంటే ఫారం లోపలి ఫారంలో, ఒక్క రికార్డూ లేనప్పుడు మెయిన్ ఫారంలో వచ్చే ఎర్రర్‌కు ఎన్‌జెడ్ మందు కాదు, ఆ ఎర్రర్ నల్ కాదు కదా. ముందు రికార్డుల సంఖ్య చూసుకోవాలి.

ఇంకొకటి. క్వెరీలో ఎన్‌జెడ్ వాడాక అంకెలు గడిలో ఎడమవైపుకి జరిగి, వరుసలో 9 కన్నా 10 ముందొస్తోందంటే యాక్సెస్ వాటిని అక్షరాలనుకుంటోందన్నమాట. దాని చుట్టూ సీడీబీఎల్ (CDbl, విలువను అంకెగా మార్చే ఫంక్షన్) వేయండి.