ముత్తాత ఆచూకీకి ఏది మేలు: జనాభా లెక్కలా, భూమి కాగితాలా, ఓడ జాబితాలా?

"పాత జనాభా లెక్కల్లో మా ముత్తాత పేరు దొరుకుతుందా?" అని నన్ను అడిగేవాళ్లలో అమెరికాలో ఉన్న పిల్లలే ఎక్కువ. అక్కడ 72 ఏళ్లు నిండిన జనగణన కాగితాలు బయటపెడతారు. 1950 నాటివి 2022లో వచ్చాయి. అక్కడివాళ్లు తాతల ఇల్లూ వృత్తీ వాటిలో చూసుకుంటుంటే మనకూ ఆశ పుడుతుంది.

మన దగ్గర 1881 నుంచి పదేళ్లకోసారి లెక్క తీశారు గానీ, తేల్చాక ఇంటింటి చీటీలు దాచలేదు. మిగిలినవి తాలూకాలో ఎందరు, ఏ కులంలో ఎందరు అన్న పట్టికలే. స్వతంత్రం వచ్చాక 1948 చట్టం వ్యక్తుల వివరాలు ఎవరికీ చూపకూడదంది. అప్పట్లో ఊరు ఏ జిల్లాలో ఉండేదో తెలుసుకోవడానికి మాత్రం ఆ పట్టికలు పనికొస్తాయి.

ఇక పోటీ భూమి కాగితాలకూ, విదేశాలకు కూలీలను తీసుకెళ్లిన ఓడల జాబితాలకూ మధ్యే. నా దృష్టిలో తేల్చేది ఒక్కటే: ఆ కాగితంలో తండ్రి పేరు ఉందా? సింహాచలం చుట్టుపక్కల అప్పన్న పేరు ఇంటింటా ఉంటుంది. ఒట్టి పేరు పట్టుకొని వెతికితే వందమంది దొరుకుతారు, మనవాడెవరో తెలియదు. తండ్రి పేరు ఉంటేనే ఒక తరం పైకి ఎక్కగలం.

భూమి ఉన్న కుటుంబమైతే పాత దస్తావేజులకు మించింది లేదు. ఇంటిపేరు, తండ్రి పేరు, వృత్తి, "ఫలానా గ్రామ కాపురస్తుడు" అన్నీ ఒకే వాక్యంలో ఉంటాయి. ఇనాం భూమి అయితే మరీ మంచిది. 1858లో మొదలైన ఇనాం కమిషన్ తయారుచేసిన ఫేర్ రిజిస్టర్లలో మొదట ఇనాం పొందినవాడి పేరు, అప్పటికి అనుభవిస్తున్నవాడి వయసు, ఇద్దరి బంధుత్వం రాశారు. ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాసిన ఊరి భూముల రిజిస్టరు డైగ్లాట్. అందులో పట్టాదారు పేరు, సర్వే నంబరు, శిస్తు ఉంటాయి. అయితే జమీందారీ గ్రామాలకు డైగ్లాట్ వచ్చింది 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే. ఉత్తరాంధ్రలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. తెలంగాణ వాళ్లకు సేత్వార్ అనే తొలి సర్వే రిజిస్టరు, భూమి ఎవరి పేరున ఎవరి సాగులో ఉందో రాసిన 1954-55 ఖాస్రా పహాణీ ఉన్నాయి.

మా ముత్తాత తమ్ముడికి సెంటు భూమి లేదు. దక్షిణాఫ్రికాలోని నేటాలు వెళ్లిపోయాడని మాత్రం ఇంట్లో అనుకునేవారు. రెండేళ్లు రెవెన్యూ రికార్డులే తిరగేశాను, ఆయన జాడ లేదు. చివరికి నేటాలు రేవు దర్బన్‌కు ఒప్పందం మీద వెళ్లిన కూలీల ఓడ జాబితాల్లో కనిపించాడు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ చేరింది మొదలు 1911 దాకా అక్కడ దిగినవాళ్లు 1,52,184 మంది. ఆ జాబితాల్లో ఒక్కో మనిషికి కాలనీ నంబరు (అక్కడ ఒక్కో కూలీకి ఇచ్చిన సొంత నంబరు), తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీద గుర్తులు రాశారు. పట్టాల్లో కనబడని ఆడవాళ్లు కూడా ఇక్కడ పేరుతో సహా ఉన్నారు. మా ఆయన ఎడమ కనుబొమ్మ మీద మచ్చ ఉందట. ఇంటిపేరు లేదు. కానీ తండ్రి పేరు మా నాన్నగారు తద్దినంలో చెప్పే మూడో పేరే, ఊరు మాదే. ఆ రెండూ కలిశాకే నమ్మాను.

అందుకే నా మొగ్గు ఓడ జాబితాల వైపు. భూమి లేనివాడి గురించి ఇన్ని సంగతులు రాసిపెట్టిన కాగితం ఆ కాలంలో నాకు మరొకటి కనబడలేదు. వెతికేటప్పుడు శ్రీకాకుళం కోసం గంజాం జిల్లా చికాకోల్ తాలూకా అని, చిత్తూరు కోసం ఉత్తర ఆర్కాటు అని చూడండి. ఒకే అప్పలస్వామిని గుమస్తాలు నాలుగు రకాలుగా రాశారు, అన్నీ ప్రయత్నించండి.

మారిషస్ అయితే మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో కాగితాలున్నాయి, కొందరికి ఫొటోలు కూడా. ఫిజీకి మద్రాసు ఓడలు 1903 నుంచి 1916 దాకానే. రంగూన్‌కు కూలీలను పోగుచేసే మేస్త్రీల వెంట వెళ్లినవాళ్లకు ఎక్కువగా ఇలాంటి ఒప్పంద పత్రాలు లేవు. యాత్రికుల వంశాలు రాసిపెట్టే కాశీ, గయ పండాల పుస్తకాలు మనవాళ్లు అక్కడికి వెళ్లి ఉంటేనే ఉపయోగం.

నేనిప్పుడు ఆయన కాలనీ నంబరు పట్టుకొని నేటాలు పెళ్లి రిజిస్టర్లు చూస్తున్నాను. పిల్లలు ఉంటే ఆ నంబరు దగ్గరే తేలాలి.