ట్రే సీలర్ కొనేవాళ్లు అడగని ప్రశ్న: వాక్యూమ్ టైమర్ మీదా, సెన్సర్ మీదా?

ఇది శాండ్‌విచ్‌లు నిల్వ ఉండేలా ట్రేలోని గాలి లాగేసి, గ్యాస్ నింపి, ఫిల్మ్ మూత వేసే సెమీ ఆటోమేటిక్ ట్రే సీలర్ గురించి. 4 గదుల డై (ట్రేలు కూర్చునే అచ్చు), ముక్కోణపు ప్లాస్టిక్ ట్రేలు, ట్రేకి రెండు ముక్కలు. నిమిషానికి ఎన్ని ప్యాకులు, కరెంటు ఎంత, స్టీలు ఏ గ్రేడు లాంటివి బ్రోచర్లోనే ఉంటాయి, వాటిని వదిలేస్తున్నా. బ్రోచర్లో రాయని సంగతి ఒకటుంది. ఎంతసేపు గాలి లాగాలో ఈ మిషన్ గడియారం చూసి తేల్చుకుంటుంది. లోపల ఒత్తిడి ఎంతకు దిగిందో దానికి తెలియదు, తెలుసుకునే ఏర్పాటూ లేదు. చాలాకాలంగా వాడుతున్నాక ఈ మిషన్ మీద మిగిలిన కోపమంతా ఆ ఒక్కదాని మీదే.

ముందు మంచి చెప్పుకోవాలి, అది నిజంగా మంచే. ఇందులో గాలిని రెండు విడతలుగా లాగే ప్రోగ్రామ్ ఉంది. శాండ్‌విచ్ పని చేసేవాళ్లకు దాని విలువ వెంటనే తెలుస్తుంది. బ్రెడ్ ముక్కలో ఎక్కువ భాగం గాలే. పైనుంచి గ్యాస్ ఊదుతూ చుట్టేసే ఫ్లో ర్యాప్ మిషన్ ఎంత వేగంగా నడిచినా బ్రెడ్ రంధ్రాల్లో ఉన్న గాలిని అంతగా కదిలించలేదు. పోనీ వాక్యూమ్ గట్టిగా పట్టిద్దామంటే నింపుడు ఊరుకోదు. బయటి గాలి ఒత్తిడి సుమారు 1000 మిల్లీబార్, కాబట్టి 50 మిల్లీబార్ దగ్గర లోపల చిక్కుకున్న గాలి 20 రెట్లు ఉబ్బుతుంది. గిలక్కొట్టిన మయొనైజ్‌లో గాలి బుడగలు బోలెడు, కాబట్టి ఎగ్ మయో అంచుల్లోంచి పొంగి నేరుగా ట్రే అంచు మీదికి వస్తుంది. ఆ తర్వాత గ్యాస్ ఒక్కసారిగా దూసుకొస్తే మెత్తటి బ్రెడ్ నలిగి అలాగే ఉండిపోతుంది.

రెండు విడతల పద్ధతిలో ఈ బాధ లేదు. 200 మిల్లీబార్ దాకా లాగి గ్యాస్ నింపాలి, మళ్లీ 200 దాకా లాగి మళ్లీ నింపాలి. మొదటిసారి ఐదో వంతు గాలి మిగులుతుంది. రెండోసారి ఆ మిగిలినదాంట్లో ఐదో వంతే ఉంటుంది, అంటే మొత్తమ్మీద 4 శాతం గాలి. ఆక్సిజన్ లెక్కలో 0.8 శాతం. ఒకే విడతలో అక్కడికి చేరాలంటే 40 మిల్లీబార్ దాకా దిగాలి. 200 దగ్గర గాలి 5 రెట్లే ఉబ్బుతుంది, మయో కదలదు. గ్యాస్ లోపలికి వచ్చే వాల్వ్ దగ్గర చిన్న స్క్రూ ఒకటుంది. దాన్ని బిగించుకుంటే గ్యాస్ నెమ్మదిగా నిండుతుంది. ప్యాక్ విప్పి వేలితో నొక్కితే బ్రెడ్ మళ్లీ పైకి లేస్తుంది. ఈ స్థాయి మిషన్లలో ఇంత నాజూకైన పని ఊహించనిది.

వాడగా వాడగా ఆ మెచ్చుకోలుకు తోకలు వచ్చి చేరాయి. మొదటి విడత నింపిన గ్యాస్ అంతా పంపు గుండా బయటికే పోతుంది, అంటే సిలిండర్ రెట్టింపు వేగంతో ఖాళీ అవుతుంది. సైకిల్ కూడా దాదాపు రెట్టింపే. బ్రోచర్లో ఉన్న నిమిషపు లెక్క ఒకే విడతది, అది ఇక్కడ వర్తించదు. ఇంకొకటి మరీ ముఖ్యం. గ్యాస్‌లో 30 శాతం కార్బన్ డయాక్సైడ్, మిగతా 70 నైట్రోజన్. పంపు వదిలే ఆ గాలి మూసి ఉన్న చల్లగదిలోనే తిరిగితే మనుషులకు ప్రమాదం. పంపు ఎగ్జాస్ట్‌ను గొట్టంతో ఆరుబయటికి తీసుకెళ్లాలి, గదిలో కార్బన్ డయాక్సైడ్ అలారం పెట్టాలి. అమ్మేవాళ్లు ఈ మాట వాళ్లంతట వాళ్లు చెప్పరు.

ఇక అసలు గొడవకు వస్తాను.

ముందు పట్టిచ్చింది హామ్, అంటే క్యూర్ చేసిన (ఉప్పూ నైట్రైటూ పట్టించిన) పంది మాంసం. దాని గులాబి రంగు ఆక్సిజన్‌కూ వెలుతురుకూ భలే సున్నితం. ఒక శాతం లోపు ఆక్సిజన్ ఉన్నా షోకేస్ లైటు పడితే చాలు, బూడిద రంగుకు తిరుగుతుంది. అందుకే హామ్‌కు వేరే ప్రోగ్రామ్: రెండుసార్లూ 150 మిల్లీబార్ దాకా. మిగిలే ఆక్సిజన్ లెక్కప్రకారం 0.5 లోపు. హామ్ శాండ్‌విచ్‌లో మయో ఉండదు కాబట్టి అంత లోతుకు లాగినా పరవాలేదు. అలాంటి ప్యాకుల్లో కోసిన వైపు, లైటుకు ఎదురుగా ఉన్న అంచు బూడిద రంగు తిరగడం మొదలైంది. వెనకవైపు ముక్క మాత్రం గులాబిగానే ఉంది. అదే వారం చేసిన ఎగ్, చీజ్ ప్యాకులు చూపుకి నిక్షేపంగా ఉన్నాయి.

ఇలాంటప్పుడు అందరి చూపూ ముందు సీలు మీదికే వెళ్తుంది, అందుకు కారణమూ ఉంది. ముక్కోణపు ట్రేలో కోసిన ముఖం పైకి ఉంటుంది, దాని మీదే ఫిల్మ్ వస్తుంది. కత్తి వదిలిన బ్రెడ్ పొడి ఎప్పుడూ ఆ అంచు మీదే రాలుతుంది. ఈసారి రంగునీళ్ల పరీక్షలో ఎక్కడా చారలేదు. నీళ్లలో ముంచి వాక్యూమ్ పట్టిస్తే బుడగ రాలేదు. హీటర్ 160 డిగ్రీలు, ఒత్తి పట్టే సమయం 1.5 సెకన్లు, గాలి ఒత్తిడి 6 బార్, ఏదీ తప్పలేదు.

లీకునూ వాక్యూమ్ లోపాన్నీ వేరు చేయడానికి తేలికైన దారి ఒకటుంది. ఒకే స్ట్రోక్‌లో, అంటే మిషన్ ఒకసారి మూసి తెరిస్తే వచ్చిన నాలుగు ప్యాకుల్లో రెండింటిని సీలు పడిన వెంటనే సూది ఎనలైజర్‌తో (సూది గుచ్చి లోపలి ఆక్సిజన్ శాతం చెప్పే పరికరం) చూడాలి, మిగతా రెండింటిని 24 గంటలాగి చూడాలి. వెంటనే తక్కువగా ఉండి మర్నాటికి బాగా పెరిగితే లీకు. కొంచెం పెరిగి ఆగిపోతే బ్రెడ్‌లోంచి మెల్లగా బయటపడిన గాలి, అది మామూలే. వెంటనే చూసినప్పుడే ఎక్కువుంటే సీలుకు సంబంధమే లేదు, గాలి సరిగా పోలేదన్నమాట. సూది గుచ్చేటప్పుడు ఖాళీ మూల చూసుకోవాలి. సూదిలోకి మయో ఎక్కితే ఆ తర్వాత వచ్చే అంకెలన్నీ అబద్ధాలే. ఇక్కడ వెంటనే చూసిన అంకే 1.7 శాతం.

వాక్యూమ్ గొట్టానికి టీ జాయింట్ వేసి, ఛాంబర్ వాల్వ్‌కు ఆనుకుని చిన్న డయల్ గేజ్ బిగిస్తే సంగతి బయటపడింది. హామ్ ప్రోగ్రామ్‌లో పెట్టిన సమయం 2.6 సెకన్లు. పంపు బాగున్నప్పుడు అంతలో 150కి దిగుతుంది. ఇప్పుడు 290 దగ్గరే ఆగుతోంది. 290కి రెండు విడతలు లెక్కవేస్తే 1.75 శాతం దగ్గర వస్తుంది, ఎనలైజర్ చెప్పిందీ దాదాపు అదే. టైమర్ తన 2.6 సెకన్లు లెక్కపెట్టుకుని, పచ్చలైటు వెలిగించి, గ్యాస్ వదిలేస్తోంది. ఫిల్మ్ అయిపోతే అరుస్తుంది, గాలి ఒత్తిడి తగ్గితే అరుస్తుంది, గ్యాస్ సిలిండర్ అడుగంటితే అరుస్తుంది. దేనికోసమైతే మిషన్ కొన్నామో అది జరగనప్పుడు మాత్రం చప్పుడు చేయదు.

పంపు ఎందుకు నీరసించిందంటే రెండు కారణాలు కలిశాయి. ఒకటి, లోపలికి వచ్చే దారిలోని ఫిల్టర్ బ్రెడ్ పొడితో పూడిపోయింది. ఇది తేలిక, తీసి గాలి కొట్టి పెట్టేయొచ్చు. రెండోది ఆయిల్. పక్కనున్న గాజు కిటికీలో చూస్తే ఆయిల్ తెల్లబడి నురగ కట్టి ఉంది. శాండ్‌విచ్‌లోంచి వచ్చే తేమంతా పంపులోకే చేరుతుంది. పంపు బాగా వేడెక్కితే ఆ తేమ ఆవిరిగానే ఎగ్జాస్ట్‌లోంచి వెళ్లిపోతుంది. ఇక్కడ పంపు ఉన్నది చల్లగదిలో, మిషన్ అడుగు భాగంలోనే. పైగా కరెంటు పొదుపు పేరుతో, కొద్ది నిమిషాలు ఖాళీగా ఉంటే పంపును ఆపేసే సెట్టింగు ఫ్యాక్టరీ నుంచే ఆన్‌లో వస్తుంది. ఒక రకం అయిపోయి ఇంకో రకం మొదలుపెట్టే సందులో పంపు ఆగుతుంది, చల్లారుతుంది, లోపలి ఆవిరి నీళ్లయి ఆయిల్‌లో కలుస్తుంది. నీళ్లు కలిసిన ఆయిల్‌తో వేన్‌లు (పంపులో తిరుగుతూ గాలిని తోసే రెక్కలు) ఉబ్బి గాడిలో బిగుసుకుంటాయి, లాగే వేగం పడిపోతుంది.

బాగుచేసిన వరస ఇది. ఇన్‌లెట్ మూసి, గ్యాస్ బ్యాలస్ట్ వాల్వ్ (పంపులోకి కాస్త బయటి గాలి వదిలి ఆవిరిని బయటికి తోయించేది) తెరిచి పంపును అరగంట నడిపించాలి. ఆయిల్ వేడిగా ఉండగానే దించేయాలి, చల్లారాక దించితే ఆయిల్ చిక్కబడి, మురికి కొంత లోపలే ఉండిపోతుంది. తయారీదారు చెప్పిన గ్రేడు ఆయిల్ పోసి మళ్లీ కాసేపు నడిపి, అదీ దించేయాలి. దాంట్లోనూ తెలుపు కనిపిస్తే ఇంకోసారి. అప్పుడు అసలు ఆయిల్ పోయాలి. తడిసిన ఎగ్జాస్ట్ ఫిల్టర్‌ను ఆరబెట్టి వాడుకుందామనుకోవద్దు, మార్చాల్సిందే. ఆ తర్వాత పొదుపు సెట్టింగు తీసేసి, పంపును చల్లగది బయట పెట్టి గొట్టం లాగడం. గొట్టం పొడవు పెరిగితే లాగే వేగం తగ్గుతుంది కాబట్టి పంపు నోటికంటే సన్నం కాకూడదు, పొడవు ఎక్కువైతే ఒక సైజు పెద్దది వేయాలి. రోజూ పని అయ్యాక బ్యాలస్ట్ తెరిచి 20, 30 నిమిషాలు నడిపితే ఆయిల్ స్వచ్ఛంగా ఉంటుంది.

టైమర్ మాత్రం టైమరే. పంపు కొత్తదానిలా ఉన్నా దానికి ఇంకో బలహీనత ఉంది. బ్యాచ్ చివర్లో నాలుగు గదుల్లో రెండింటికే శాండ్‌విచ్‌లు మిగులుతాయి. ఖాళీ గదుల్లో తీయాల్సిన గాలి ఎక్కువ, సమయం మాత్రం అదే. అందుకని ఆ చివరి రెండు ప్యాకుల్లో ఆక్సిజన్ ఎప్పుడూ ఎక్కువే. ఖాళీ గదుల్లో ట్రే ఆకారపు ప్లాస్టిక్ దిమ్మెలు పెట్టడం ఒక ఉపాయం. డై మార్చినా అంతే: లోతైన ట్రేకి పెట్టిన సమయం పల్చటి ట్రేకి వాడితే వాక్యూమ్ అక్కర్లేనంత లోతుకు పోతుంది, పల్చటిదాని సమయం లోతైనదానికి చాలదు. సెన్సర్ ఉన్న మిషన్‌లో ఈ లెక్కలేవీ ఉండవు, 150 అంటే 150 వచ్చేదాకా ఆగుతుంది, రాకపోతే ఆగిపోయి చెబుతుంది. ఉన్న మిషన్‌కే సెన్సర్ కలిపించుకోవడం కొన్నిటిలో కుదురుతుంది. పీఎల్‌సీలో (మిషన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్) సెన్సర్ వైరు కలపడానికి ఖాళీ అనలాగ్ ఇన్‌పుట్ ఉండాలి, ప్రోగ్రామ్ తెరిచి మార్చడానికి తయారీదారు ఒప్పుకోవాలి. చిక్కంతా రెండోదానితోనే.

మిగతావి క్లుప్తంగా. డై మార్చడం హాయి, పానా అక్కర్లేదు, రెండు పిడులు తిప్పి లాగేయడమే. కింది సిలికాన్ రబ్బరు గట్టిపడితే ముందు మూలల్లో సీలు వదులుతుంది, గోరుతో నొక్కి చూస్తే తెలుస్తుంది. లోపల ఆవిరి మసక పట్టని ఫిల్మ్ వాడేటప్పుడు రోల్ తిరగేసి ఎక్కిస్తే కరిగే పొర హీటర్‌కు అంటుకుని అరపూట శుభ్రం చేయడానికే సరిపోతుంది.

ఎవరికి పనికొస్తుందంటే, ముందు అసలు గ్యాస్ కావాలా అన్నది చూసుకోవాలి. ఒకటి రెండు రోజుల్లో అమ్ముడయ్యే సరుకైతే అక్కర్లేదు. మూత మడిచే ట్రే, ఒక లేబుల్ చాలు. ఫిల్మ్ కిటికీ ఉన్న అట్ట ప్యాకులు చూడ్డానికి ఇంకా బాగుంటాయి. కానీ లోపల ప్లాస్టిక్ పొర లేని అట్టలో గ్యాస్ నిలవదు. పొర ఉన్నా మడతల మూలలే దాని బలహీనత. ఒకే రకం వేలల్లో చేసేవాళ్లకు ఈ సెమీ ఆటోమేటిక్ చాలదు. మాలాగా రకాలు ఎక్కువ, ఒక్కో రకం కొంచెం కొంచెం, అయిదారు రోజుల నిల్వ కావాలి అనుకునేచోట ఈ రెండు విడతల వాక్యూమ్‌కు ఇప్పటికీ నా ఓటు. గ్యాస్‌తో బ్రెడ్ గట్టిపడటం ఆగదని మాత్రం తెలుసుకుని కొనాలి. ఫ్రిజ్ చల్లదనంలో బ్రెడ్ బయటికన్నా త్వరగానే పెళుసవుతుంది, అది గాలితో సంబంధం లేని మార్పు. లిస్టీరియా కూడా గ్యాస్‌కు బెదరదు, 5 డిగ్రీల లోపు చల్లదనం ఎలాగూ తప్పదు.

టైమర్ మిషన్‌నే తీసుకోవాల్సి వస్తే, డబ్బు కట్టేముందు డెమోలో గేజ్ పెట్టించి, కావాల్సిన ఒత్తిడికి దిగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాయించుకోండి. ఆ అంకెను మిషన్ తలుపు మీద అంటించి, రోజూ మొదటి స్ట్రోక్‌లో గేజ్ చూసి పోల్చాలి. 2.6 సెకన్లది 2.8 అయిందంటే ఫిల్టర్ తీసి చూడాలి, ఫిల్టర్ మార్చినా 2.8 దగ్గరే ఉంటే ఆయిల్ కిటికీ చూడాలి.