అగత్తి నుంచి తిన్నకర షిప్‌రెక్ ట్రిప్, లోతు తక్కువే కానీ వదలొద్దు

లక్షద్వీప్ వెళ్ళేవాళ్ళు అగత్తిలో దిగాక దేనికి డబ్బులు పెట్టాలి అని తెగ అడుగుతున్నారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. నన్నడిగితే మిగతావి ఏవి మానేసినా పర్లేదు, తిన్నకర వైపు లగూన్‌లో (రీఫ్ లోపల ఉండే లోతు తక్కువ నీళ్ళలో) మునిగి ఉన్న చిన్న ఓడ దగ్గరికి మాత్రం వెళ్ళండి. అగత్తి నుంచి బోట్‌లో గంట అటూ ఇటూ పడుతుంది. బంగారం, తిన్నకర, పరళి ఇవన్నీ ఒకే లగూన్‌లో ఉన్న దీవులు, చుట్టూ రీఫ్ (కోరల్, అంటే పగడాల దిబ్బ) గోడ కట్టినట్టు ఉండటం వల్ల బయట సముద్రం ఎంత ఎగిరిపడుతున్నా లోపల నీళ్ళు నెమ్మదిగానే ఉంటాయి.

ఓడ పెద్దదేం కాదు, ముందే చెప్తున్నా. వైజాగ్‌లో 2020 అక్టోబర్‌లో తెన్నేటి పార్క్ దగ్గర ఒడ్డుకి కొట్టుకొచ్చిన బంగ్లాదేశ్ షిప్ ఎంవీ మా చూసినవాళ్ళు ఆ సైజ్ ఊహించుకుని వెళ్తే నిరాశ పడతారు. కానీ నీళ్ళలోకి దిగాక సైజ్ గుర్తుకి రాదు అసలు. లోతు తక్కువ కాబట్టి ఎండ నేరుగా ఇనుము మీద పడుతుంది, అదే దీని అసలు గొప్పతనం. లోతుకి వెళ్ళేకొద్దీ ముందు పోయేది ఎరుపు, తర్వాత ఆరెంజ్, చివరికి అంతా నీలంగానే కనిపిస్తుంది, ఇక్కడ ఆ బాధ లేదు, తుప్పు రంగు తుప్పు రంగులాగే, ప్యారట్ ఫిష్ పచ్చదనం పచ్చగానే కనిపిస్తుంది. నల్ల చారల సర్జన్ ఫిష్ గుంపుగా వచ్చి ఓడ మీద నాచు గీక్కుంటూ వెళ్తుంటే పక్కనే కదలకుండా తేలుతూ ఎంతసేపైనా చూడొచ్చు. దారిలో గ్రీన్ టర్టిల్స్ కూడా కనిపిస్తాయి, అగత్తి లగూన్‌లో ఇవి సంఖ్యలో బాగా పెరిగి సముద్రపు గడ్డి తినేశాయని, గడ్డి తగ్గి చేపలు కూడా తగ్గాయని అక్కడి జాలర్లకి వీటి మీద చాలా రోజులుగా కోపం ఉంది.

ఇక సర్వీస్ సంగతి. మేం వెళ్ళింది అక్కడి కుర్రాళ్ళు నడిపే చిన్న టీమ్‌తో, బోట్ నడిపే ఆయన్ని అందరూ ఇక్కా (అన్న) అంటారు, మనమూ అలానే పిలిస్తే సరిపోతుంది. బ్రీఫింగ్ చాలా బాగా ఇచ్చారు. ఊపిరి బిగపట్టొద్దు, చెవి నొప్పి రాకముందే ముక్కు మూసి మెల్లగా గాలి ఊదండి, ఓడ లోపలికి దూరొద్దు, తుప్పు అంచులు కోసుకుంటాయి, కోరల్ మీద కాలు పెట్టొద్దు. మళ్ళీ ఇంకోసారి చెప్తా, కోరల్ మీద కాలు పెట్టొద్దు. ఐదు మీటర్లేగా చెవులకేం అవుతుంది అనుకునేవాళ్ళు ఉంటారు, కానీ ఐదు మీటర్లకే ప్రెషర్ పైన ఉన్నదానికి ఒకటిన్నర రెట్లు అవుతుంది, అందుకే చెవుల విషయం మొదటి మీటర్ నుంచే మొదలవుతుంది. ఈత రాని మా అక్కని గైడ్ ఒక్క నిమిషం కూడా వదల్లేదు, తనకి భయం పోయాకే ఓడ వైపు తీసుకెళ్ళాడు, ఆ ఓపికకి ఎంత థ్యాంక్స్ చెప్పినా తక్కువే.

నచ్చనివి కూడా ఉన్నాయి. మాస్కులు పాతవి, రెండింటిలో నీళ్ళు కారుతూనే ఉన్నాయి, సొంత మాస్క్ ఉంటే తప్పకుండా పట్టుకెళ్ళండి. వీడియో ప్యాకేజీ తీసుకోమని బోట్‌లో కూర్చున్నంతసేపూ అడుగుతూనే ఉన్నారు. అన్నిటికంటే నాకు కోపం వచ్చింది పక్కన ఆగిన వేరే బోట్‌ని చూసి, వాళ్ళ టూరిస్టులు లైఫ్ జాకెట్లతో దిగి కోరల్ మీదే నిలబడి ఫొటోలు దిగుతున్నారు, చేపలు దగ్గరికి రావాలని బిస్కెట్లు కూడా వేస్తున్నారు, గైడ్ ఒక్క మాట అన్లేదు. మా గైడే అరిచి చెప్పాడు.

అంత కోపం ఎందుకంటే ఈ రీఫ్ ఇప్పటికే దెబ్బతిని ఉంది. 2023 అక్టోబర్ నుంచి సముద్రం వేడెక్కి 2024లో లక్షద్వీప్ అంతా కోరల్ బ్లీచింగ్ వచ్చిందని కొచ్చిలోని సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర చేపల పరిశోధన సంస్థ) సైంటిస్టులు చెప్పారు, దానికి ముందు 1998, 2010, 2016లో కూడా జరిగింది. నీళ్ళు వేడెక్కితే కోరల్ తన ఒంట్లో ఉండే నాచుని బయటికి తోసేస్తుంది, ఆ నాచే దానికి రంగూ తిండీ, అది పోయి చాలా రోజులుంటే చచ్చిపోతుంది. కొమ్మల కోరల్ ముందు పోతుంది, గుండ్రంగా బండలా ఉండేవి కొంచెం తట్టుకుంటాయి, నీళ్ళలో తేడా మీకే తెలుస్తుంది. విరిగిన ముక్కలు అలలకి దొర్లుతూ ఉంటే వాటి మీద పిల్ల కోరల్ నిలదొక్కుకోలేదు, కదలకుండా గట్టిగా ఉండే చోటు కావాలి. ఓడ ఇనుము మీద గోరంత గోరంత కోరల్ కనిపించినప్పుడు చాలా సంతోషం వేసింది, దాని మీద చెయ్యి వేసి పట్టుకుంటే ఆ కాస్తా పోతుంది కదండీ.

బుక్ చేసేముందు అడగాల్సినవి ఇవీ: ఒక గైడ్‌కి ఎంతమంది, స్నార్కెలింగా (పైన తేలుతూ గొట్టంతో గాలి పీల్చడం) స్కూబానా (గాలి సిలిండర్‌తో లోపలికి దిగడం) (కొందరు రెండిటికీ ఒకే పేరు పెట్టి అమ్ముతున్నారు), మెడికల్ ఫారం నింపిస్తారా లేదా. ఫారం అడగని వాళ్ళ దగ్గర స్కూబా చేయొద్దు. సన్‌స్క్రీన్ బదులు ఫుల్ హ్యాండ్స్ రాష్ గార్డ్ (ఒంటికి అతుక్కుని ఉండే ఈత చొక్కా) వేసుకోండి, వీపు కాలదు. వెజ్ వాళ్ళు భోజనం సంగతి ముందే చెప్పాలి, అక్కడ మామూలుగా ట్యూనానే, కూరగాయలు చాలావరకు కొచ్చి నుంచే రావాలి. కోరల్ ముక్క ఏదీ బ్యాగ్‌లో వేసుకోవద్దు, చట్టప్రకారం నేరం.

లక్షద్వీప్ వెళ్ళడానికి కావాల్సిన పర్మిట్ ముందే పెట్టుకోండి, వానాకాలంలో ఈ ట్రిప్ అవ్వదు కాబట్టి అక్టోబర్ నుంచి ఏప్రిల్ మధ్యలో చూసుకోండి. స్కూబా చేస్తే మాత్రం తిరుగు ఫ్లైట్‌కి ముందు రోజు ఖాళీగా ఉంచాలి, ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఎక్కువ చేస్తే 18 గంటలు గ్యాప్ ఉండాలి, కాబట్టి ఈ ట్రిప్‌ని చివరి రోజుకి పెట్టుకోకుండా దిగిన మర్నాడే పెట్టేసుకోండి.