నిమ్మ ఉప్పా, సోడానా, కుంకుడుకాయా: వంటింటికి ఏది మేలు?

హైదరాబాద్ చిక్కడపల్లిలో మా అత్తయ్యగారింట్లో వంటగట్టు నల్ల కడప బండ. నలభై ఏళ్లుగా రోజూ తుడిచీ తుడిచీ అద్దంలా నిగనిగలాడుతుంటుంది. మొన్న సంక్రాంతికి అరిసెలు వండాక దాని మీద పాకం, నూనె కలిసి చార కట్టాయి. నేనప్పుడు ‘కెమికల్స్ వద్దు, ఇంట్లో ఉన్నవాటితోనే అంతా శుభ్రం చేసెయ్యాలి’ అనే ఊపులో ఉన్నాను. సగం నిమ్మచెక్క ఉప్పులో అద్ది, బండ మీద రుద్ది, కాసేపు నానితే మంచిదని వదిలేసి కాఫీ తాగొచ్చాను. వచ్చి తుడిస్తే పాకం పోయింది. బండ నలుపూ పోయింది. అరచెయ్యంత మేర పాలిపోయిన బూడిదరంగు మచ్చ మిగిలింది.

‘ఏంటమ్మా, సున్నం ఒలికిందా?’ అని అడిగారు అత్తయ్య.

ఆవిడ మాటలో సగం నిజం ఉంది. సున్నం ఒలకలేదు, రాయే సున్నపురాయి. కడప బండ, తాండూరు బండ, షాబాదు బండ, మార్బుల్ అన్నీ ఆ జాతివే. నిమ్మరసం, చింతపండు, వెనిగర్, ఏ పులుపైనా సరే, ఆ రాయి పైపొరను తినేస్తుంది. మచ్చ అంటే ఏదో అంటుకోవడం కాదు, మెరుగు ఊడిపోవడం. అందుకే ఎంత తోమినా పోదు. పైగా ఆ రోజు పాకానికి వేడినీళ్లు, పాత గుడ్డ చాలు. బెల్లం నీళ్లలో కరగదా ఏంటి?

అప్పట్నుంచి నా లెక్క మారింది. ఏది నేచురల్, ఏది కెమికల్ అని చూడటం మానేశాను. మురికి ఏ రకం, దాని కింద ఉన్నదేంటి అని చూసుకుంటున్నాను. మా నిజాంపేట అపార్ట్‌మెంట్లో ఏడాదిగా అన్నీ వాడి చూశాక తేలిందేంటంటే, అన్నిటికీ పనికొచ్చే మందు ఒక్కటీ లేదు.

ముందు నీళ్ల సంగతి. చిక్కడపల్లిలో నల్లా నీళ్లు. గండిపేట నీళ్లు తాగినవాడు ఊరు వదలడని పెద్దలు అంటుంటారుగానీ, ఇప్పుడు నగరానికి ఎక్కువగా వచ్చేవి కృష్ణా, గోదావరి, మంజీర నీళ్లే. ఏవైనా చెరువు, నది నీళ్లే కాబట్టి కాస్త మెత్తన. మా ఇంట్లో బోరు, బోరు ఎండితే ట్యాంకరు. తాగేనీటిలో కఠినత, అంటే కరిగి ఉన్న సున్నం పాలు, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే నీళ్లు దొరకనిచోట 600 దాకా సరిపెట్టుకోవచ్చని మన భారతీయ ప్రమాణం చెబుతుంది. మా బోరు నీళ్లను పరీక్ష చేయించలేదు. సింకు కుళాయి మూతి చూస్తే చాలు, తెల్లటి పెచ్చు అక్కడ ముత్యాల దండలా కట్టి ఉంటుంది. కెటిల్ అడుగున, గాజు గ్లాసుల మీద, నీళ్లు చిమ్మిన టైల్స్ మీద కూడా అదే. నీళ్లు ఆరిపోగా మిగిలిన సున్నం అది.

ఈ తెల్ల పెచ్చుకు పులుపే మందు. అత్తయ్య బండను పాడుచేసిన గుణమే ఇక్కడ పనికొస్తుంది. ఏ పులుపు మేలు అన్నదే ప్రశ్న. నిమ్మకాయ వాసన బాగుంటుంది గానీ, ఎండాకాలంలో నిమ్మకాయలు కొని కుళాయికి రుద్దడానికి నాకైతే చెయ్యి రాదు. చింతపండు ఇత్తడికీ రాగికీ తిరుగులేనిది. దేవుడి గది దీపపు కుందులకు మా ఇంట్లో ఇప్పటికీ అదే. గుజ్జు పూసి, రెండు నిమిషాలాగి, చిటికెడు ఉప్పుతో రుద్దితే బంగారంలా బయటపడతాయి. కుళాయికి రాస్తే మాత్రం పీచంతా సందుల్లో ఇరుక్కుంటుంది. ఇక వెనిగర్. ఇంటర్నెట్ మొత్తం దాన్నే పొగుడుతుంది. మన కిరాణాల్లో దొరికే తెల్ల వెనిగర్‌లో ఎసిటిక్ ఆసిడ్ నాలుగైదు శాతం మించదు, మిగతా అంతా నీళ్లే. సీసాలు మోసుకొచ్చి, ఆ ఘాటుకు ముక్కు మూసుకుని తుడవాలి. మా ఆయన వంటింట్లోకి రాకుండా ఉండటానికి దొరికిన మొదటి నిజమైన కారణం ఆ వాసనే.

నా ఓటు నిమ్మ ఉప్పుకి. సిట్రిక్ ఆసిడ్ అని అడగక్కర్లేదు, కిరాణా కొట్టులో నిమ్మ ఉప్పంటే చాలు, పొట్లం కట్టిస్తారు. బేగంబజార్ వెళ్తే కిలోల్లో దొరుకుతుంది. గ్లాసు వేడినీళ్లలో ఒక చెంచా కలిపి, పాత బనియన్ ముక్కను అందులో ముంచి కుళాయి మూతికి చుట్టి, రబ్బరు బ్యాండ్ వేసి అరగంట వదిలెయ్యండి. ముద్ద తీసేసరికి పెచ్చు మెత్తబడి వేలితో గీకినా రాలిపోతుంది. తర్వాత మంచినీళ్లతో కడగాలి. కెటిల్‌కైతే ఒక చెంచా వేసి మరగనిచ్చి, చల్లారాక పారబోసి, ఉత్త నీళ్లతో ఇంకోసారి మరిగిస్తే చాలు. వాసన ఉండదు. దీనితో ఉన్న ఒక్క చిక్కు అచ్చం పంచదారలా కనిపించడం. నేను చీటీ అంటించని డబ్బాలోంచి మామయ్యగారు టీలో చెంచాడు వేసుకున్నారు. పాలు విరిగిపోబట్టి సరిపోయింది, లేకపోతే తాగేసేవారే. ఇప్పుడు తెల్ల పొడులన్నిటి మీదా పెద్దక్షరాలతో పేర్లు రాసి, సింకు కింది అరలో పెట్టాను.

కొత్త అపార్ట్‌మెంట్లలో గట్టు చాలావరకు గ్రానైటే. అది పులుపుకు అంత తేలిగ్గా లొంగదు, అయినా పాలిష్ మీద గంటల తరబడి నాననివ్వకూడదు. మీ గట్టు ఏ రాయో తెలియకపోతే, సిలిండరు వెనక కనిపించని మూల ఒక్క నిమ్మరసం చుక్క వేసి చూడండి. సన్నగా బుడగలొచ్చినా, తుడిచాక మచ్చ పాలిపోయినా, ఆ వంటింటి గట్టు మీదికి పులుపు రానివ్వొద్దు.

జిడ్డు సంగతి పూర్తిగా వేరు. రోజూ పోపు, వారానికోసారి బజ్జీలో పూరీలో, ఆ ఆవిరంతా వెళ్లి టైల్స్ మీదా, చిమ్నీ జల్లెడలోనూ, ఫ్యాను రెక్కల మీదా పసుపురంగు బంకలా పేరుకుంటుంది. దాన్ని నిమ్మ ఉప్పు ఏమీ చెయ్యలేదు. జిడ్డుకు క్షారం కావాలి. అది దొరికేది సోడాలో. ఇక్కడ రెండు సోడాలున్నాయి, చాలామంది ఒకటే అనుకుంటారు. వంటసోడా బజ్జీల్లో వేసేది, మెత్తనిది. బట్టల సోడా వాషింగ్ సోడా, చాలా గట్టిది. నేనైతే వంటసోడాను రుద్దుడు పొడిగానే వాడతాను. తడి స్పాంజి మీద చల్లి స్టవ్ మీదా టైల్స్ మీదా రుద్దితే గీతలు పడవు, కొత్త జిడ్డు పోతుంది. ఆరునెలల ముదురు బంకకు అది ఆనదు. స్టీలు చిమ్నీ ఫిల్టర్‌ను టబ్బులో వేడినీళ్లు, రెండు చెంచాల బట్టల సోడా వేసి అరగంట ముంచితే నీళ్లు డికాషన్ రంగులోకి తిరుగుతాయి. చేతికి గ్లోవ్స్ ఉండాల్సిందే, లేకపోతే వేళ్ల తోలు ముడతలు పడి మండుతుంది. నేచురల్ అనే పేరుతో అమ్మినా సరే, చర్మం మీద జిడ్డును కూడా వదలదది.

బట్టల సోడాకు పడనిది అల్యూమినియం. సన్న వల చిమ్నీ ఫిల్టర్లు కొన్ని ఆ లోహంతోనే వస్తాయి. ఒకసారి నేను ఫిల్టర్‌తో పాటు పాత అల్యూమినియం కుక్కర్‌ను కూడా అదే టబ్బులో పడేశాను. లోపలంతా నల్లబడి లేచింది. మళ్లీ దాన్ని దారికి తెచ్చింది నిమ్మ ఉప్పే. నీళ్లలో చెంచాడు వేసి పది నిమిషాలు మరిగిస్తే నలుపు చాలావరకు విడిచింది. పప్పు ఉడకబెట్టేటప్పుడు అడుగు నీళ్లలో పిండేసిన నిమ్మతొక్క వేసే ఇళ్లు మన దగ్గర చాలానే ఉన్నాయి కదా, కుక్కర్ నల్లబడకుండా. పని చేసేది ఆ పులుపే.

వంటసోడాకు ఇంకో గొప్ప పని ఉంది. పాలు మాడిన స్టీలు గిన్నె. ఉదయం కాలింగ్ బెల్ మోగుతుంది, తలుపు తీసి మాట్లాడి వచ్చేసరికి అడుగు నల్లగా కరుచుకుపోతుంది. గిన్నెలో రెండంగుళాల నీళ్లు పోసి, చెంచాన్నర వంటసోడా వేసి, సన్నమంట మీద పది నిమిషాలు మరిగించి, మూతపెట్టి వదిలెయ్యండి. చల్లారాక చెక్క గరిటెతో తోస్తే మాడు అట్టలా లేస్తుంది. చన్నీళ్లలో సోడా కలిపితే ఇది జరగదు. మరిగేటప్పుడు వంటసోడాలోంచి బొగ్గుపులుసు వాయువు పోయి, అది కొంతవరకు బట్టల సోడాగా మారుతుంది. గట్టిదనం అక్కడి నుంచే వస్తుంది.

ఇక రెండూ కలపమనే సలహా. సోడా చల్లి పైన వెనిగర్ పోస్తే బుస్సుమని పొంగుతుంది, వీడియోకి భలే ఉంటుంది. ఆ పొంగు అయిపోయాక మిగిలేది కాస్త ఉప్పునీరులాంటిది. పులుపూ పోయింది, క్షారమూ పోయింది, ఒకదాన్ని ఒకటి చంపుకున్నాయి. ఒకరోజు ఒకటి, ఇంకోరోజు ఇంకొకటి వాడితే రెండింటికీ విలువ. అలాగే బ్లీచింగ్ పౌడర్ వేసినచోట ఏ పులుపునీ, బాత్రూం ఆసిడ్‌నీ పొయ్యకండి. క్లోరిన్ వాయువు లేస్తుంది, ఊపిరాడదు. వెనిగర్ కూడా అదే పని చేస్తుంది.

రోజూ గిన్నెలు తోమడానికి కుంకుడుకాయ మేలా, డిష్‌బార్ మేలా? ఇక్కడ నా మనసూ నా పనీ ఒక్క దారిన పోవు. కుంకుడులో ఉండే సాపొనిన్లు నురగనిస్తాయి. మామూలు సబ్బులా బోరు నీళ్లలోని సున్నంతో కలిసి తెట్టు కట్టవు, చేతులకు కూడా మెత్తన. గింజలు తీసిన పది కాయలు రాత్రి నానేసి, పొద్దున ఉడికించి, పిసికి వడకడితే అరలీటరు దాకా వస్తుంది. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, అంతకుమించితే పుల్లవాసన. గాజు గ్లాసులకు, కూరగాయలు కడగడానికి, నాన్‌స్టిక్‌కు నాకది ఇష్టం. బిర్యానీ హండీ ముందు చేతులెత్తేస్తుంది. మా ఇంట్లో గిన్నెలు తోమే అక్క ఒక్కరోజు వాడి మొహం మీదే చెప్పింది, ‘నురగ రాని సబ్బేంది మేడం, తోమినట్టే అనిపిస్తలేదు. నీళ్లు రెండింతలైతున్నయ్’ అని. ట్యాంకరు కొనే ఇంట్లో ఆ రెండో మాటకు నా దగ్గర జవాబు లేదు. గిన్నెలు ఆమె తోముతుంది కాబట్టి బార్ ఆమెది, కుంకుడు నాది.

పాత రోజుల బూడిద కూడా క్షారమే, కొబ్బరిపీచుతో రుద్దితే జిడ్డును బాగా లాగేది. గ్యాస్ పొయ్యి వచ్చాక బూడిద ఎక్కడ? ఫ్లాట్లో సింకులో పోస్తే గొట్టం పూడుకుపోయి కింది అంతస్తువాళ్లు పైకొస్తారు. దాని జోలికి పోకండి.

ఈమధ్య అందరూ పండ్ల తొక్కలు పులియబెట్టి చేస్తున్న బయో ఎంజైమ్ గురించి కూడా చెప్పాలి. ఒక వంతు బెల్లం, 3 వంతుల తొక్కలు, 10 వంతుల నీళ్లు, 3 నెలల ఓపిక. మన దగ్గర బత్తాయి రసం బండి లేని సందు ఉండదు, తొక్కలు అడిగితే సంచి నిండా ఇస్తారు. గ్యాస్ ఊరుతుంది కాబట్టి ప్లాస్టిక్ సీసాలోనే చెయ్యాలి, మొదటి నెల రోజూ మూత వదులు చెయ్యాలి. నేను గాజు జార్‌లో పోసి పెళ్లికని వారం రోజులు ఊరెళ్లాను. తిరిగొచ్చేసరికి మూత అటక మీద, బత్తాయి తొక్కలు గోడ మీద. రెండోసారి సవ్యంగా వచ్చింది. ఫ్లోర్ తుడవడానికి హాయిగా ఉంటుంది, సువాసన. అయితే అదీ పులుపే. తాండూరు బండల ఫ్లోర్ ఉంటే ఇది మీకు కాదు. మూడు నెలలు కాచుకున్న దానికి జిడ్డు పోతుందా అంటే, పోయీ పోనట్టు.

ఆదివారం చికెన్ కడిగిన సింకు, కోసిన పలక మాత్రం ఈ పోటీకి బయట. అక్కడ నిమ్మ వాసన వస్తే శుభ్రమైనట్టు కాదు. వెనిగర్‌నూ బయో ఎంజైమ్‌నూ నమ్మి సూక్ష్మజీవులు చచ్చాయనుకోలేను. మామూలు సబ్బు, రుద్దుడు, తర్వాత సలసల మరిగే నీళ్లు. పలకను ఎండలో నిలబెట్టి బాగా ఆరనివ్వాలి. కూరగాయల పలక వేరుగా ఉంటే ఈ గొడవే తగ్గుతుంది.

అత్తయ్య గట్టు మీది మచ్చ ఇంకా ఉంది. పండగలప్పుడు రెండు చుక్కల కొబ్బరినూనె రాసి గుడ్డతో రుద్దుతారావిడ, నాలుగు రోజులు నల్లగా కనబడి మళ్లీ తేలుతుంది. మిగతా రోజుల్లో దాని మీద ఉప్పు జాడీ ఉంటుంది. నేను వంటింట్లోకి వెళ్తే జాడీ జరపకుండా చుట్టూ తుడుస్తాను. ఆవిడ చూస్తారు, ఏమీ అనరు. నిమ్మకాయలు మాత్రం ఫ్రిజ్‌లో వెనక్కి జరిపేస్తారు.