సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మహారాణుల సమాధుల టూర్
పీటర్ అండ్ పాల్ కెథడ్రల్‌లో ఈ గైడెడ్ టూర్ తీసుకున్నదే డాగ్మార్ కోసం. డెన్మార్క్ రాకుమారి, పెళ్లి కుదిరిన రష్యా యువరాజు 1865లో చనిపోతే మరుసటి ఏడాది అతని తమ్ముడిని చేసుకుని, మతమూ పేరూ మార్చుకుని మరియా ఫ్యోదొరొవ్నా అయింది. 1928లో పుట్టిన దేశంలోనే కన్నుమూసింది, ఇక్కడ భర్త సమాధి పక్కకు చేరింది మాత్రం 2006లో. గైడ్ అది చెబుతుంటే నాకు కళ్లు చెమర్చాయి.

చుట్టూ దాదాపు అన్నీ తెల్ల పాలరాతి సమాధులే, జర్మనీలోని హెస్సే నుంచి వచ్చిన మహారాణి, డాగ్మార్ అత్తగారు మరియా అలెగ్జాండ్రోవ్నాది మాత్రం గులాబీ రంగు రాయి, అందులో నల్లటి చారలు, దగ్గరగా నిలబడి చూడాల్సిందే.

కానీ ప్రష్యాలో పుట్టి 34 ఏళ్లు రష్యాను ఏలిన కేథరీన్ దగ్గర రెండు నిమిషాలైనా ఆగనివ్వలేదు, అది అన్యాయం. హెడ్‌సెట్ కూడా గరగరమంటూనే ఉంది, ముందే చెక్ చేసుకోండి.