బట్టీ, ముక్కు, పీపా: అమెరికన్ విస్కీలో ఆడవాళ్లు పైకొచ్చిన మూడు దారుల్లో ఏది మేలు?

కెంటకీ, టెనసీ రాష్ట్రాల్లో విస్కీ తయారీని నడిపిస్తున్న ఆడవాళ్ల కెరీర్లు పక్కపక్కన పెట్టి చూస్తే మూడు దారులు తేలతాయి. ఒకటి బట్టీ దారి. కెమికల్ ఇంజనీరింగ్ చదివో, ప్లాంట్‌లో ఏళ్లపాటు పనిచేసో ధాన్యం ఉడికించడం నుంచి బట్టీ పట్టడం దాకా చేతిలోకి తెచ్చుకోవడం. రెండోది ముక్కు దారి. వాసన, రుచి పరీక్షించే సెన్సరీ ల్యాబ్‌లో చేరి అక్కణ్ణించి ఎదగడం. మూడోది పీపాల దారి. ఇప్పటికే గోదాముల్లో ఉన్న విస్కీని ఎంచి, కలిపి, సీసాకెక్కించే బ్లెండింగ్.

ముందే ఒక మాట. ‘మాస్టర్ డిస్టిలర్’ అనే హోదాకి చట్టంలో నిర్వచనం లేదు, దానికంటూ పరీక్ష లేదు. కంపెనీ ఎవరికిస్తే వాళ్లది. అందుకే హోదా పేరుని పక్కన పెట్టి, ఎవరి చేతిలో ఏ నిర్ణయం ఉందో చూడటమే సరైన కొలత. ఈ పని ఆడవాళ్లకి కొత్తదీ కాదు. కెంటకీలో కేథరిన్ కార్పెంటర్ 1818లో రాసిపెట్టిన సోర్ మాష్ (కిందటి బ్యాచ్ మిగులు నీళ్లు కొత్తదానిలో కలిపే పద్ధతి) తయారీ విధానం ఇప్పటికీ భద్రంగా ఉంది. రాతలో మిగిలిన తొలి సోర్ మాష్ పద్ధతుల్లో అదొకటి.

బట్టీ దారి

పామ్ హైల్మన్ బీమ్ కంపెనీ ప్లాంట్‌లో పనిచేసి మిక్టర్స్ డిస్టిలరీకి వచ్చారు, 2016లో అక్కడ మాస్టర్ డిస్టిలర్ అయ్యారు. కెమికల్ ఇంజనీర్ జాయిస్ నెథరీ 2016లోనే కూతురు ఆటమ్‌తో కలిసి కెంటకీలోని షెల్బీవిల్‌లో జెప్తా క్రీడ్ డిస్టిలరీ తెరిచారు. బ్లడీ బుచర్ అనే ఎర్ర మొక్కజొన్నని సొంత పొలంలోనే పండిస్తారు. నికోల్ ఆస్టిన్‌ది కూడా కెమికల్ ఇంజనీరింగే. బ్రూక్లిన్‌లో మొదలుపెట్టి, ఐర్లండ్‌లో పనిచేసి, 2018లో టెనసీలో జార్జ్ డికెల్ విస్కీ తయారయ్యే క్యాస్కేడ్ హాలో డిస్టిలరీకి జనరల్ మేనేజర్‌గా, డిస్టిలర్‌గా వచ్చారు.

ఈ దారిలో చేతికొచ్చే అసలు విద్య వేడి లెక్క. మొక్కజొన్న పిండిని దాదాపు మరిగే నీళ్లలో, 95 నుంచి 100 డిగ్రీల దగ్గర ఉడికిస్తారు. 70 డిగ్రీల ప్రాంతానికి దిగాక రై అనే ధాన్యం పడుతుంది. 63-65కి దిగాకే మాల్ట్ చేసిన, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన, బార్లీ. తొందరపడి మాల్ట్ ముందే వేస్తే అందులోని ఎంజైములు వేడికి చచ్చిపోతాయి, పిండి చక్కెరగా మారదు, ఆ బ్యాచ్‌లో ఆల్కహాల్ పడిపోతుంది. రై మరీ వేడిలో పడితే ఉండలు కడుతుంది, గంజి జిగురెక్కి పంపులు మొరాయిస్తాయి. తర్వాత, కిందటి బ్యాచ్ బట్టీ పట్టగా మిగిలిన పుల్లటి నీళ్లు కొంత కలుపుతారు. సోర్ మాష్ అంటే అదే. పీహెచ్ 5 నుంచి 5.5 మధ్యకి దిగి, చెడ్డ బాక్టీరియాకి ఊపిరాడదు, ఈస్ట్‌కి అనువుగా ఉంటుంది. పులిసే ఊట 35 డిగ్రీలు దాటి వేడెక్కిందంటే ఈస్ట్ అలిసిపోతుంది, చక్కెర మిగిలిపోతుంది, ఆ మిగిలినదాన్ని బాక్టీరియా తింటుంది. రెండో రోజు చక్కెర కొలత దిగాల్సినంత దిగలేదని చూసి, చల్లటి నీటి వాల్వు దగ్గరికి తానే వెళ్లగలిగినవాళ్లు ఆ బ్యాచ్‌ని కాపాడతారు. కెమికల్ ఇంజనీరింగ్ చదివినవాళ్లకి ఇది కొత్త భాష కాదు. ఎమ్మెస్‌కి వెళ్లి ఉద్యోగాలు వెతుక్కుంటున్న తెలుగు అమ్మాయిలు ఈ పరిశ్రమ వైపు ఓసారి చూడాలని గట్టిగా అనడానికి కారణం అదే.

పీపాలోకి ఎంత ఘాటున పోయాలన్నదీ ఈ దారివాళ్ల చేతిలోని నిర్ణయమే. బర్బన్‌కి, అంటే ప్రధానంగా మొక్కజొన్నతో చేసే అమెరికన్ విస్కీకి, చట్టం గరిష్ఠంగా 62.5 శాతం ఆల్కహాల్ దాకా ఒప్పుకుంటుంది. మిక్టర్స్ 51.5 శాతంలోనే పోస్తుంది. నీళ్లు ఎక్కువ ఉంటే ఓక్ చెక్కలోని చక్కెరలు బాగా దిగుతాయి, చివర్లో సీసాకి ముందు కలిపే నీళ్లు తగ్గుతాయి. ఖర్చు మాత్రం పెరుగుతుంది. అంతే ఆల్కహాల్‌కి 100 పీపాలు సరిపోయే చోట 121 కావాలి. బర్బన్‌కి ప్రతిసారీ కొత్తగా కాల్చిన ఓక్ పీపాయే వాడాలి కాబట్టి, పెరిగిన 21 పీపాలూ నిఖార్సైన ఖర్చే. ఆ తేడా దేనికో యాజమాన్యాన్ని ఒప్పించడం కూడా ఈ పనిలో భాగం. మిక్టర్స్‌లో పీపాల్లో మగ్గే దశనంతటినీ చూసే బాధ్యత ఆండ్రియా విల్సన్‌కి అప్పగించారు. ఆమె కూడా ఇంజనీరే.

ఈ దారి లోటు ఒక్కటే, అది చిన్నది కాదు: ఫలితం చాలా ఆలస్యం. మరియాన్ ఈవ్స్ 2015లో క్యాసిల్ అండ్ కీ డిస్టిలరీకి మాస్టర్ డిస్టిలర్ అయ్యారు. అమెరికాలో మద్య నిషేధ కాలం తర్వాత కెంటకీలో ఆ హోదా పొందిన తొలి మహిళగా ఆమెను లెక్కిస్తారు. 2019లో బయటికి వచ్చేశారు. ఆ డిస్టిలరీ బర్బన్ అమ్మకానికొచ్చింది 2022లో. చేసిన పని సీసాలో కనబడేనాటికి చేసిన మనిషి అక్కడ లేరు.

ముక్కు దారి

ఎలిజబెత్ మెకాల్ చదివింది మానసిక శాస్త్రం. 2009లో బ్రౌన్-ఫోర్మన్ కంపెనీలో సెన్సరీ టెక్నీషియన్‌గా చేరి, 2023లో ఆ కంపెనీ బర్బన్ బ్రాండ్ వుడ్‌ఫర్డ్ రిజర్వ్‌కి మాస్టర్ డిస్టిలర్ అయ్యారు. సైన్స్ డిగ్రీ లేకపోతే తలుపులు మూసుకున్నట్టే అనుకునేవాళ్లకి ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

సెన్సరీ ల్యాబ్‌లో పని ఇలా ఉంటుంది. విస్కీని నీళ్లతో 20 శాతానికి దించుతారు, లేకపోతే ఆల్కహాల్ మంట ముక్కుని మొద్దుబారుస్తుంది. మూతి సన్నటి గ్లాసుల్లో పోసి మూత పెడతారు. మూడు గ్లాసులిస్తారు, రెండింట్లో ఒకటే, మూడోది వేరు. వేరేది ఏదో చెప్పాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది కాబట్టి ఒకరి మాట చాలదు. పన్నెండు మంది పరీక్షిస్తే కనీసం ఎనిమిది మంది సరిగ్గా పట్టుకున్నప్పుడే తేడా నిజమని ఒప్పుకుంటారు.

తేడా ఉందని తేలాక, ఎక్కడ పుట్టిందో చెప్పగలగడం అసలు నైపుణ్యం. వెన్న వాసనొస్తే పులియబెట్టే దశలో ఏదో జరిగింది: త్వరగా ఆపేశారు, లేదా బాక్టీరియా చేరింది. ఉడికిన క్యాబేజీ వాసన గంధకానిది, బట్టీలో రాగి తన పని చేయడం లేదని అర్థం. గోళ్ల రంగు వాసన ఈథైల్ ఎసిటేట్‌ది, బట్టీలో ముందుగా వచ్చే తలభాగాన్ని సరిగ్గా వేరుచేయలేదు. వాంతి వాసన వచ్చిందంటే బ్యుటిరిక్ ఆమ్లం, ట్యాంకులూ పైపులూ శుభ్రంగా లేవు. తడి గోనెసంచిలా ఉంటే బట్టీలో చివరగా వచ్చే తోకభాగం ఎక్కువ కలిసిపోయింది.

లోటు ఏమిటంటే, ఇలాంటి ల్యాబ్‌ని పెద్ద కంపెనీలే పోషించగలవు. పదిమందితో నడిచే చిన్న డిస్టిలరీలో సెన్సరీ ఉద్యోగమంటూ విడిగా ఉండదు. పైగా తప్పు పట్టుకోవడం ఒకటి, దాన్ని సరిదిద్దమని ప్లాంట్‌వాళ్లకి చెప్పగల అధికారం ఇంకోటి. మెకాల్‌కి ఆ అధికారం రావడానికి పద్నాలుగేళ్లు పట్టింది. ఒకసారి వచ్చాక మాత్రం ముక్కే నిర్ణయిస్తుంది. వుడ్‌ఫర్డ్ డబుల్ ఓక్డ్ సంగతే తీసుకోండి. లోపలి చెక్కని బాగా వేపి, పైపైన కాల్చిన రెండో పీపాలో, పూర్తిగా మగ్గిన విస్కీని పోస్తారు. అక్కణ్ణించి ఎప్పుడు తీయాలన్నది కొలత సూది చెప్పదు.

పీపాల దారి

విక్టోరియా ఈడీ బట్లర్ న్యాయ పరిరక్షణ విభాగంలో పూర్తికాలం పనిచేసి రిటైరయ్యాక విస్కీలోకి వచ్చారు. జాక్ డేనియల్‌కి బట్టీ నేర్పిన నియరెస్ట్ గ్రీన్‌కి ఆమె ముని మునిమనవరాలు. బానిసత్వంలో పుట్టి, చరిత్రలో పేరు మరుగునపడిన మనిషి ఆయన. ఆయన పేరుతో ఫాన్ వీవర్ స్థాపించిన అంకుల్ నియరెస్ట్ విస్కీ కంపెనీలో 2019లో ఒక బ్యాచ్ కలపమని బట్లర్‌కి అప్పగిస్తే, అది 1884 స్మాల్ బ్యాచ్‌గా వచ్చింది. తర్వాత ఆమె మాస్టర్ బ్లెండర్ అయ్యారు.

మూడింటిలో ఇదే వేగం. ఏడాది తిరిగేలోపు సీసా చేతికొస్తుంది. కానీ పొరపాటుకి చోటు తక్కువ. ఇరవై పీపాల్లో బూజు వాసన పట్టిన ఒక్క పీపా కలిసినా మొత్తం పోయినట్టే, తీయడానికి దారి లేదు. అందుకే ప్రతి పీపానీ విడిగా వాసన చూశాకే ట్యాంకులో పోస్తారు. ముందు 100 మిల్లీలీటర్ల కొలజాడీలో నమూనా కలిపి, కొన్నాళ్లు ఉంచి మళ్లీ చూస్తారు. 60 శాతం ఉన్న 100 లీటర్లని 46.5కి దించితే సుమారు 129 లీటర్లవుతుంది. ఆ నీళ్లన్నీ ఒకేసారి పోస్తే రుచి విడిపోయి సబ్బులా తగులుతుందని చాలామంది బ్లెండర్లు విడతలవారీగా, వారాలపాటు కలుపుతారు. 46 శాతం కిందికి దించి, చల్లబరచి వడకట్టకపోతే ఐస్ వేయగానే మసకబారుతుంది. 1884ని 46.5 దగ్గర సీసాకెక్కించడంలో ఆ లాభమూ ఉంది.

బలహీనత స్పష్టమే. పీపాలు వేరేవాళ్లవైతే ధర వాళ్లది, నిల్వ వాళ్లది. ఒక రకం అయిపోతే అదే రుచిని ఇంకో పీపాలతో కట్టాలి.

మరి ఏది?

మూడు దారులూ కలిసే చోటు నికోల్ ఆస్టిన్ దగ్గరుంది. ఆమె వచ్చిన మరుసటి ఏడాది, 2019లో, డికెల్ బాటిల్డ్ ఇన్ బాండ్‌ని విస్కీ అడ్వొకేట్ పత్రిక ఆ సంవత్సరపు మేటి విస్కీగా ఎంచింది. అది 13 ఏళ్ల విస్కీ. బట్టీ దిగింది 2005లో, ఆమె రాకముందే. 1897 చట్టం ప్రకారం ఆ ముద్ర పడాలంటే ఒకే డిస్టిలరీ, ఒకే సీజన్, కనీసం నాలుగేళ్లు, సరిగ్గా 50 శాతం ఉండాలి. కాబట్టి వేరే ఏడాది పీపాలతో సర్దుకోవడానికి వీల్లేదు. గోదాములో ఉన్నవాటిలో ఏవి పనికొస్తాయో పసిగట్టడమే పని. బట్టీ విద్యతో వచ్చిన ఇంజనీరుకి తొలి పెద్ద గుర్తింపు ముక్కు తెచ్చిపెట్టింది.

అందుకే మా ఓటు బట్టీ దారికే, ఒక షరతుతో: మొదటి రోజు నుంచే సెన్సరీ బల్ల దగ్గర కూర్చోవాలి. మరియాన్ ఈవ్స్ చేసింది అదే. ఇంజనీరింగ్ చదివి బ్రౌన్-ఫోర్మన్‌లో రుచి పరీక్షలూ చూశారు. ఇరవైల్లో ఉండి సైన్స్ చదివినవాళ్లకి ఇంకో ఆలోచన అక్కర్లేదు. కెంటకీ విశ్వవిద్యాలయంలో జేమ్స్ బి. బీమ్ ఇన్‌స్టిట్యూట్ పేరుతో స్పిరిట్స్ తయారీకి ప్రత్యేక విభాగమే ఉంది. సైన్స్ లేనివాళ్లు పెద్ద కంపెనీ సెన్సరీ ప్యానెల్‌కి ప్రయత్నించాలి. చిన్న డిస్టిలరీలో రిసెప్షన్, టూర్ గైడ్ పనులు అందినా వాటి నుంచి ల్యాబ్‌కి మెట్టు ఉంటుందని నమ్ముకోవద్దు. నలభై దాటి, వేరే వృత్తి నుంచి వచ్చేవాళ్లకి బ్లెండింగే దగ్గరి దారి, పీపాల సరఫరా ఒప్పందం ఎన్నేళ్లకి ఉందో ముందు అడగాలి.

ఏ దారైనా ఇవాళే మొదలుపెట్టగల సాధన ఒకటుంది, వయసు 21 నిండి ఉంటే. గోధుమ బర్బన్ ఒకటి, రై ఉన్నది ఒకటి తెచ్చి, 40 శాతం ఉంటే సమానంగా నీళ్లు కలిపి 20కి దించండి. ఇంకొకరిచేత మూడు గ్లాసుల్లో పోయించండి. తాగనక్కర్లేదు, వాసన చూస్తే చాలు. జవాబు చూడకముందే కాగితం మీద రాయండి.