ఆపరేషన్‌కు ముందు డాక్టర్ ఎంత చెప్పాలి? మన కొలత, బ్రిటన్ కొలత

ఎవరి అంగీకారం కావాలన్న విషయంలో మన చట్టం గట్టిదే. 1995లో ఢిల్లీలో లాపరోస్కోపీకి (చిన్న గాటు పెట్టి కెమెరాతో కడుపు లోపల చూడటానికి) సంతకం చేసిన ఒక మహిళ మత్తులో ఉండగా, తల్లి చేత సరే అనిపించుకుని ఆమె గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఆమె మేజర్, ప్రాణాపాయమూ లేదు. తల్లి అంగీకారం చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. పరిహారం మాత్రం 25,000 రూపాయలే! నాకది మింగుడుపడదు.

ఎంత చెప్పాలన్న దగ్గరే తేడా. ఆ తీర్పు ప్రకారం, తోటి వైద్యులు సాధారణంగా చెప్పేంత చెబితే చాలు.

బ్రిటన్ సుప్రీంకోర్టు 2015లో ఆ కొలతను వదిలేసింది. స్కాట్లాండ్‌లో షుగర్ ఉన్న ఒక గర్భిణికి, కాన్పులో బిడ్డ భుజాలు ఇరుక్కునే ప్రమాదం 9–10 శాతం. చెబితే సిజేరియన్ అడుగుతారేమోనని డాక్టర్ ఆ ప్రమాదం సంగతే చెప్పలేదు. బిడ్డకు సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పే స్థితి) వచ్చింది. రోగి స్థానంలో ఉన్న మనిషి ముఖ్యమనుకునే ప్రమాదాన్ని, వేరే మార్గాలను చెప్పి తీరాలంది కోర్టు.

నా ఓటు దీనికే. మన ఆస్పత్రుల్లో రద్దీ నిజమే, కానీ కోత పడేది రోగి ఒంటి మీద. బంధువుల చేత హడావిడిగా ఫారంపై సంతకం పెట్టించుకుంటే రోగికి చెప్పినట్టు కాదు.